ముందు సాక్ష్యం, తర్వాతే స్పానరు

పోయిన బుధవారం పొద్దున పదకొండు గంటలకి, నోయిడాలో మా ఆఫీసు మీటింగు మంచి పాకాన ఉండగా, నా నడుముకున్న పేజరు కీచుమంది. “అంకుల్ నో మోర్. కమ్ సూన్. ఆంటీ.” అంతే. పేజరులో క్రికెట్ స్కోరుకి ఎంత చోటో, మనిషి పోయిన వార్తకీ అంతే చోటు. ఆ అక్షరాల పక్కన మూలగా బ్యాటరీ బొమ్మ ఒకటి వెలిగి ఆరుతోంది. అంకుల్ నా పక్కనుంటే వార్త సంగతి తర్వాత, ముందు ఆ సెల్లు ఊడదీయించి, “దాని మొహం తుడిచి మళ్ళీ పెట్టరా కలెక్టరూ” అనేవారు. ఆ మాట చెవిలో వినబడి నేను మేనేజరు ఎదుటే నవ్వేశాను. తర్వాత వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. రెండుసార్లు కడుక్కోవలసి వచ్చింది.

గుండె ఆగిందట. మంచం మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నారట. ఆంటీ పెద్దాసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళుగా నర్సు. చెయ్యవలసినవన్నీ ఆవిడే చేశారు. అయినా మోటారు అందుకోలేదు. ఈ పోలిక నాది కాదు, ఆంటీదే.

మన తెలుగు సంఘం పత్రికకి ఆయన మీద రెండు పేజీలు రాయమని, అందులో వేషాలు వెయ్యొద్దని సంపాదకులు నన్ను ప్రత్యేకంగా హెచ్చరించారు. గంభీరంగా రాయడానికి రెండు రోజులు నిజాయితీగా ప్రయత్నించాను. కుదరలేదు. ఆయన గుర్తుకొస్తే చాలు, నాకు లోపల తాడు లాగినట్టయి ఏదో బుర్రున తిరగడం మొదలవుతుంది. పాఠకులు క్షమించాలి.

అంకుల్ అంటే మా మయూర్ విహార్ ఇంట్లో కింది వాటా ఆయన. నేను పై వాటాలో అద్దెకున్న బ్రహ్మచారిని. ఫిజిక్సు డిగ్రీ చేతపట్టుకుని, కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగులో చేరి, దేశాన్ని ఏలడానికి సిద్ధపడుతున్న రోజులవి. అందుకే నేను ఆయనకి ‘కలెక్టరు’ని. ఆ బిరుదు ఆయన ఇచ్చిందే తప్ప ప్రభుత్వం ఇవ్వలేదు, ఇక ఇవ్వదు కూడా.

అంకుల్‌ది బందరు. కుర్రతనంలో అక్కడి రేవులో లాంచీల ఇంజన్లు బాగుచేసేవారు. ఆంటీకి ఢిల్లీలో ఉద్యోగం రాగానే పనిముట్ల పెట్టె, బైబిలు, ఎండ్రొయ్యల డబ్బా పట్టుకుని వెనకాలే వచ్చేశారు. సముద్రం లేని ఊళ్ళో లాంచీ మెకానిక్కుకి పనేమిటని అందరూ బెంగపడ్డారట. ఆయన యమునని వెతుక్కున్నారు. వానాకాలంలో వరద పనికీ, నిమజ్జనాల కాపలాకీ పడవలు అద్దెకిచ్చే కాంట్రాక్టరొకడు ఒడ్డున ఉండేవాడు. వాడి దగ్గర అయిదు పడవలు, అయిదు అవుట్‌బోర్డు మోటార్లు. పడవ వెనక చెక్కకి బిగించి, నీళ్ళలోకి వేలాడదీసే చిన్న మోటార్లు అవి. ఆ అయిదింటికీ వైద్యుడు మా అంకుల్.

నేను ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. కింద పెరట్లోంచి ఒక గర్జన లేచింది. ఇల్లు వణికింది. రాజనీతి శాస్త్రం పుస్తకం బల్ల అంచుదాకా నడుచుకుంటూ పోయి కింద పడింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే, చర్చి నుంచి వచ్చిన తెల్లచొక్కా ఇంకా మార్చకుండా, కాలరు వెనక చేతిరుమాలు దోపుకుని, నీళ్ళు నింపిన నీలం డ్రమ్ముకి మోటారు బిగించి పరీక్షిస్తున్నారు అంకుల్. డ్రమ్ములో నీళ్ళు సుడి తిరుగుతూ గోడ దాటి అవతలి పెరట్లో పడుతున్నాయి. అవతల పంజాబీ ఆంటీ అప్పుడే ఎండబెట్టిన వడియాల మీద!

“భాయీసాబ్! జమునాజీ మా ఇంటికే వచ్చేసిందా?” అని ఆవిడ గోడ మీంచి అరిచింది.

“రెండే నిమిషాలు బహెన్‌జీ! ఛార్జింగ్ చూస్తున్నా!” అని అంకుల్ అంతకంటే పెద్దగా అరిచారు. నీలిపొగ. పెట్రోలు వాసన. వీధిలో కుక్కలన్నీ ఒక్క స్వరంలో. అంకుల్ మాత్రం బ్యాటరీ మీద మీటరు పెట్టి, పసిపిల్ల జ్వరం చూసినట్టు ముల్లు చూస్తున్నారు. పన్నెండు వోల్టులు దాటింది. పదమూడు. పద్నాలుగు. “తాగుతోందిరా! పాలు తాగుతోంది!” అని నా భుజం చరిచారు. అప్పటికి ఆయనకి నా పేరు కూడా తెలియదు.

ఆ చరుపుతో నా కోచింగు సగం పోయింది. వారంలో మూడు రోజులు కరోల్ బాగ్ బస్సెక్కవలసినవాణ్ణి యమున ఒడ్డున తేలేవాణ్ణి.

ఆయన పనితనంలో ఒక ఆచారం ఉండేది. దాని గురించి చెప్పడానికే ఈ వ్యాసం. మోటారు ఆగిందంటే ఎవరైనా ఏం చేస్తారు? స్పానరు తీస్తారు. అంకుల్ తియ్యనిచ్చేవారు కాదు. “ముందు సాక్ష్యం, తర్వాతే స్పానరు” అనేవారు. వాళ్ళ చర్చిలో ఆదివారం ఎవరో ఒకరు లేచి నిలబడి, ఆ వారం తమకు జరిగింది ఉన్నదున్నట్టు అందరి ముందూ చెబుతారు. అది సాక్ష్యం. అంకుల్ దాన్ని పడవల రేవుకి తెచ్చేశారు. మోటారుని చివరిసారి ముట్టుకున్న ప్రతివాడూ వరసగా నిలబడి, తాను ఏం చేశాడో చెప్పాలి. పెట్రోలు ఎవరు పోశారు, ఎక్కడ పట్టారు, ఆయిల్ ఎంత కలిపారు, ఏ మర తిప్పారు, ఏ వైరు కదిపారు, అన్నీ. రూలు ఒకటే: సాక్ష్యం చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టకూడదు. తిడితే ఈసారి వాడు అబద్ధం చెబుతాడు, అబద్ధం పెట్రోల్లో నీళ్ళకంటే చెడ్డది అనేవారు.

ఇది తాను నేర్పిన విద్యేనని ఆంటీ వాదన. “పేషెంటు రాగానే ఏం తిన్నావు, ఏం మింగావు అని అడుగుతాం. కేసు హిస్టరీ. ఈయన దానికి ప్రార్థన కలిపారంతే” అనేవారు. దీని మీద వాళ్ళిద్దరికీ ముప్ఫయ్యేళ్ళ తగాదా. తీర్పు రాకుండానే ఒక పార్టీ వెళ్ళిపోయింది.

ఆయన దగ్గర నేర్చుకున్న చదువు నాకు ఏ కాలేజీలోనూ దొరకలేదు. “బ్యాటరీ చచ్చిపోయిందని నువ్వు సర్టిఫికెట్ ఇవ్వకు. మీటరు ఇవ్వాలి.” “ఛార్జింగ్ రాకపోతే మోటారు మీద పడకు. బ్యాటరీ దగ్గర మొదలెట్టి వెనక్కి నడువు. ముందు టెర్మినలు, తర్వాత వైరు, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత రెక్టిఫైయరు. దొంగ ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఉంటాడు, మనం అటక ఎక్కి వెతుకుతాం.” కార్బురేటరు విప్పేటప్పుడు ఏదో కీర్తన మెల్లగా కూనిరాగం తీసేవారు. బిగించేటప్పుడు అదే కీర్తన దౌడు తీసేది. ఆ వేగాన్నిబట్టి భోజనానికి ఎంత సేపుందో మేం లెక్క కట్టేవాళ్ళం.

ఇక నా సాక్ష్యం.

అయిదు మోటార్లలో ఒకటి రెండేళ్ళుగా పడుకునే ఉంది. ఆ పడవ నడిపేది ఒక ముసలి మల్లాహ్. అందరికీ కాకా. ఒడ్డున కాంట్రాక్టరు పాకలోనే కాపురం. మోటారు పడుకున్నప్పట్నించీ తెడ్డు వేస్తూ, పడవలు కడుగుతూ నెట్టుకొస్తున్నాడు. కాంట్రాక్టరుకి అది కంటగింపయింది. ఆ సెప్టెంబరులో అంకుల్‌తో తేల్చి చెప్పేశాడు: “మాస్టర్‌జీ, సోమవారం ఇది వంతెన దాకా వెళ్ళి ఆగకుండా తిరిగి రావాలి. వస్తే నిమజ్జనాల డ్యూటీకి పంపుతా. రాకపోతే మోటారు తుక్కుకి, కాకా ఇంటికి.” కాకాకి ఆ పాక తప్ప వేరే ఇల్లు లేదని ముగ్గురికీ తెలుసు.

అంకుల్ మూడు వారాలు దాని మీద పడ్డారు. శనివారం సాయంత్రం డ్రమ్ములో అరగంట నడిపించారు. ఛార్జింగ్ పద్నాలుగు! కాకా దాని నెత్తిమీద చెయ్యివేసి నిమిరాడు. ఆదివారం విశ్వకర్మ పూజ. ఉత్తరాదిలో ఆ రోజు పనిముట్లకీ యంత్రాలకీ పూజ చేస్తారు. అంకుల్‌కి చర్చి. వెళ్తూ వెళ్తూ, “పూజ మీరు చేసుకోండి, లడ్డూ నాకుంచండి. కలెక్టరూ, మోటారు జాగ్రత్త” అని నాకు అప్పగించి వెళ్ళారు.

అప్పగించారు కదా! ఫిజిక్సు పట్టభద్రుణ్ణి. ఆంధ్రదేశంలో ఆయుధపూజ ఎలా చేస్తారో ఈ హిందీవాళ్ళకి చూపించాలన్న ఉత్సాహం తన్నుకొచ్చింది. మోటారుకి బంతిపూల దండ వేశాను. పెట్రోలు టాంకుకి గంధం పూశాను. పూజ నీళ్ళు లోపలికి పోతాయేమోనని ముందుజాగ్రత్తగా టాంకు మూత మీద వదులుగా ఉన్న చిన్న స్క్రూని గట్టిగా బిగించి, దాని మీద ఎర్రదారం పదకొండు చుట్లు చుట్టాను. బ్యాటరీకి మరీ శ్రద్ధ. పైన పెడితే బొట్టు రాలిపోతుందని, వైర్లు పట్టి ఉంచే క్లాంపులు ఊడదీసి, వాటి కింది రెండు సీసపు పోస్టులనీ నిగనిగలాడేలా తోమి, కొబ్బరినూనెలో పసుపూ కుంకుమా కలిపి మందంగా పట్టించి, మళ్ళీ క్లాంపులు తొడిగాను. ప్లస్సుకి కుంకుమ, మైనస్సుకి పసుపు. కాకా కళ్ళు చెమర్చాయి. “బాబూజీ, ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు” అన్నాడు.

సోమవారం పది గంటలు. వానలు పూర్తిగా పోలేదు, యమున నిండుగా ఉంది. కాంట్రాక్టరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అంకుల్ ఒడ్డున. కాకా, నేనూ పడవలో. కాకా దణ్ణం పెట్టుకుని స్టార్టరు నొక్కాడు.

టక్.

మళ్ళీ నొక్కాడు. టక్. అంతే.

“తాడు లాగు!” అని అంకుల్ అరిచారు. “నిప్పురవ్వ అదే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో పన్లేదు!” కాకా తాడు లాగాడు. మూడో లాగుకి భళ్ళుమని అందుకుంది! పడవ ముందుభాగం లేచింది, బంతిపూల రెక్కలు గాలికి నా మొహాన కొట్టాయి, నేను సిగ్గు లేకుండా కేకలు వేశాను. కాకా నోట్లో ఉన్న నాలుగు పళ్ళూ బయటపడ్డాయి. వంతెన పెద్దదవుతోంది. పెద్దదవుతోంది. అప్పుడు మోటారు ఒకసారి దగ్గింది. గొంతు సన్నబడింది. ఆగిపోయింది.

నది మధ్యలో ఆ నిశ్శబ్దం ఎంత పెద్దదో చెప్పలేను. కాకా తాడు లాగాడు, లాగాడు. టాంకు నుంచి మోటారుకి వెళ్ళే గొట్టం మధ్యలో పెట్రోలు ఎక్కించడానికి నొక్కే రబ్బరు బంతి ఒకటి ఉంటుంది. గుండ్రంగా ఉండవలసింది, ఎవరో లోపల్నించి పీల్చేసినట్టు చప్పిడి దవడలా నొక్కుకుపోయి ఉంది. దాన్ని చూడగానే నా కళ్ళు టాంకు మూత మీది ఎర్రదారం మీదికి పోయాయి. టాంకులోంచి పెట్రోలు బయటికి వెళ్ళాలంటే ఆ చోటులోకి గాలి రావాలి. గాలి వచ్చే దారి మూత మీది చిన్న స్క్రూ. ఇది ఎనిమిదో తరగతి ఫిజిక్సు.

తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి చేరాం.

కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు. “నాకు తెలుసు! పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు పోశాడు. వాసన చూడండి మాస్టర్‌జీ!”

“ఇందులో ఆయిల్ కలిసి ఉంటుంది సేఠ్‌జీ. ముక్కు సాక్ష్యం చెల్లదు” అన్నారు అంకుల్. “మనుషులు చెప్పాలి. కాకా, ముందు నువ్వు.”

కాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “బంకులో పట్టించాను. నా చేత్తోనే ఆయిల్ కొలిచి కలిపాను. శనివారం మీ ఎదురుగానే పోశాను. పూజ అయ్యాక మూత ముట్టుకోలేదు మాస్టర్‌జీ. దేవుడి దారం చుట్టి ఉంది.”

“పూజప్పుడు ఎవరు ముట్టుకున్నారు?”

కాకా నీళ్ళకేసి చూశాడు. నా వైపు చూడనే లేదు. ఒక్క చూపు చూస్తే సరిపోయేది.

“కలెక్టరూ, నువ్వు?” అన్నారు అంకుల్.

“పూలు వేశాను అంకుల్. బొట్లు పెట్టాను.”

“అంతేనా?”

“అంతే.”

పాఠకులారా, నేను అప్పటికి రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులన్నీ కంఠతా పట్టినవాణ్ణి.

అంకుల్ కాలరు వెనక రుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు. కాంట్రాక్టరు మాత్రం ఆగలేదు. “అయిపోయిందిగా? కాకా, తేరీ ఛుట్టీ. పాక ఖాళీ చెయ్యి. సాయంత్రానికి తాళం నా చేతిలో ఉండాలి.” కాకా వాదించలేదు. ఒడ్డున ఆరేసిన తన పంచె తీసి, మడత పెట్టడం మొదలెట్టాడు. నాలుగు మడతలు పెట్టి, ఒకవైపు అంచు కలవలేదని విప్పి మళ్ళీ మొదట్నించి మడిచాడు. అది చూడడం నా వల్ల కాలేదు.

“అంకుల్! ఇంకా ఉంది!” అని అరిచాను. తెలుగులో మొదలెట్టి, కాంట్రాక్టరుకి అర్థం కావాలని హిందీలోకి దూకి, మధ్యలో ఇంగ్లీషులో పడి లేచాను. “మూత మీది స్క్రూ నేనే బిగించాను. నీళ్ళు పోతాయని. దారం నేనే చుట్టాను. బ్యాటరీ క్లాంపులు కూడా నేనే తీశాను. లోపల పసుపు పూశాను. కాకా ఏం చెయ్యలేదు. ముందు అడిగినప్పుడు నేను సగం చెప్పాను!”

కాంట్రాక్టరు నోరు తెరిచాడు. అంకుల్ అడ్డంగా చెయ్యి పెట్టారు. “సాక్ష్యం చెప్పాడు. తిట్టకూడదు. రూలు” అని, నావైపు మీటరు తోశారు. “చెప్పింది చాలదు, సేఠ్‌జీకి చూపించు.”

మీటరు వైరు కొన ఒకటి పోస్టుకి, రెండోది దానికి తొడిగిన క్లాంపుకి ఆనించాను. రెండూ ఇనుమూ ఇనుమూ అంటుకున్నట్టు ఉండాలి, తేడా రాకూడదు. కాకా స్టార్టరు నొక్కాడు. ముల్లు ఎగిరి పడింది. మధ్యలో కూర్చున్న నా భక్తి కరెంటుని వెళ్ళనివ్వడం లేదు. అంకుల్ చాకుతో పోస్టులు గీకించి, క్లాంపులు బిగించాక పైన వాసెలిన్ రాయించారు. “నూనె పెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టు. పెళ్ళయ్యాక అక్షింతలు, పెళ్ళికి ముందు కాదు” అన్నారు. చివరగా నా చేతే దారం విప్పించి, స్క్రూ తిప్పించారు. స్‌స్‌మని టాంకు ఊపిరి పీల్చుకుంది. మా కళ్ళ ముందే రబ్బరు బంతి బుస్సున ఉబ్బి గుండ్రంగా అయింది. కాంట్రాక్టరు వంగి దాన్ని వేలితో పొడిచి చూశాడు. “ఠీక్ హై. మళ్ళీ ఒక్కసారి” అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

ఆ రోజు సాయంత్రం ఇంటికొస్తూ బస్సులో ఆయన్ని అడిగాను, ఎప్పుడు తెలిసిందని. “బంతి నొక్కుకుపోయి ఉండడం ఒడ్డునుంచే చూశాను” అన్నారు. మరి ఎందుకు ఊరుకున్నారంటే, “నేను స్క్రూ విప్పితే మోటారు బాగుపడేది. కాకా మీద మాట పోయేది కాదు కదరా. దానికి నీ నోరే కావాలి” అన్నారు. ఆంటీ కూరకి ఏం తెమ్మన్నారో గుర్తుచెయ్యమని వెంటనే మాట మార్చేశారు. దాని గురించి మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇవాళ ఆఫీసులో నేను రాసిన కంప్యూటరు ప్రోగ్రాము ఆగిపోతే, నేను చేసిన తప్పు ముందు నేనే లేచి చెబుతాను. అందరూ నన్ను అమాయకుడనుకుంటారు. పోనీ.

శుక్రవారం శ్మశానంలో పాస్టరుగారు ఆయన మంచితనం గురించి చాలాసేపు మాట్లాడారు. అన్నీ నిజాలే. కాకా కూడా ఆ పాక నుంచే వచ్చాడు, ఉతికిన పంచెలో. నేను మాత్రం అక్కడ నిలబడి, ఆ సోమవారం రెండోసారి బయల్దేరినప్పటి దృశ్యమే చూస్తున్నాను.

స్టార్టరు నొక్కీ నొక్కకముందే మోటారు అందుకుంది. కాకా హ్యాండిలు పట్టుకున్నాడు. అంకుల్ నన్ను ముందు చెక్క మీద, ఒడ్డుకేసి మొహం పెట్టి కూర్చోమన్నారు. పడవ దూసుకుపోతోంటే ఒడ్డు చిన్నదవుతోంది. కాంట్రాక్టరు ఆయన పక్కన చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. అంకుల్ వినడం లేదు, మావైపు చూడడం కూడా లేదు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పాదాలు నీళ్ళలో పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి మోటారు చప్పుడు వింటున్నారు. కాంట్రాక్టరు మాట ఆపకపోయేసరికి, కళ్ళు తెరవకుండానే ఒక వేలు పైకెత్తారు, కాస్సేపు ఆగమన్నట్టు. మేం మొదటిసారి ఆగిపోయిన చోటు దాటాం. వంతెన నీడ మా మీద పడింది. అంత దూరంలో ఆయన తెల్లచొక్కా ఒక్కటే కనిపిస్తోంది, దాని పైన ఇంకా దించని ఆ చెయ్యి.